శాక్రమెంటోలో వీధి కింద వీధి ఎందుకుంది? వరదొచ్చే పల్లంలో రాజధాని ఎలా వచ్చింది?

మీరు అడిగినవి మూడు. ఓల్డ్ శాక్రమెంటోలో కాలిబాట కింద ఇంకో అంతస్తు ఉందని గైడ్ చెప్పింది నిజమేనా? శాక్రమెంటో, అమెరికన్ అనే రెండు నదులు కలిసే పల్లంలో కాలిఫోర్నియా రాజధాని ఎందుకు పెట్టారు, పక్కన మెరకే దొరకలేదా? ఇక్కడి నటోమాస్ పేటలో ఇల్లు చూస్తున్నాం, వరద భయం ఉందా? మూడింటికీ జవాబు ఒక్క కథలోనే ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను ఇక్కడ ఏటిగట్ల పనుల్లో చేసి రిటైరైన సివిల్ ఇంజనీర్ని. పుట్టి పెరిగింది గోదావరి గట్టు పక్క ఊళ్లో. గండి పడడమంటే ఏమిటో చదువుకోకముందే తెలుసు.

గైడ్ చెప్పింది నిజమే. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు మెరక విషయం.

మెరక ఉంది. దాన్ని ఎంచుకున్న మనిషీ ఉన్నాడు. జాన్ సట్టర్ అనే స్విస్ వలసదారు 1839లో ఇక్కడికి వచ్చాడు. అప్పటికి ఇది మెక్సికో ఏలుబడిలోని ప్రాంతం. గవర్నరు దగ్గర దాదాపు 48 వేల ఎకరాలు రాయించుకుని కోట కట్టుకున్నాడు. ఆ కోట ఇప్పటికీ ఉంది, ఎల్ స్ట్రీట్‌లో వెళ్తే కనిపిస్తుంది. నది ఒడ్డున కాకుండా రెండు మైళ్లు ఎడంగా, మెరక చూసుకుని కట్టాడు. అంతకుముందు వేల ఏళ్లుగా ఇక్కడున్న నిసెనాన్ తెగవాళ్లు కూడా దిబ్బల మీదే ఊళ్లు వేసుకునేవారు. శీతాకాలంలో ఈ లోయ సముద్రంలా అవుతుందని వాళ్లకు తెలుసు. 1833లో బయటివాళ్లతో వచ్చిన విషజ్వరాలకు లోయలో వేలమంది పోయారు, చాలా ఊళ్లు పాడుబడ్డాయి. మిగిలినవాళ్లతో సట్టర్ వెట్టిచాకిరీ చేయించుకున్నాడు. పనివాళ్లకు పశువుల తొట్లలాంటి వాటిలో తిండి పోయించేవాడని అప్పటి ప్రయాణికులే రాసిపెట్టారు. కోట చూడ్డానికి వెళ్తే ఇది కూడా గుర్తుపెట్టుకుని చూడండి.

1848 జనవరి 24న అమెరికన్ నది ఎగువన, కొలోమా దగ్గర సట్టర్ కట్టిస్తున్న రంపపు మిల్లు కాలవలో జేమ్స్ మార్షల్‌కు బంగారం కనపడింది. అక్కణ్నుంచి అంతా తలకిందులైంది. సట్టర్ అప్పుల్లో ఉన్నాడు. కొడుకు జాన్ జూనియర్ అదే ఏడాది వచ్చి లెక్కలు చేతిలోకి తీసుకున్నాడు. తండ్రికేమో నదికి కొంచెం దిగువన, కాస్త ఎత్తైన చోట సట్టర్‌విల్ అని ఊరు కట్టాలని ఆశ. కానీ కోట దగ్గర కొట్టు నడుపుతున్న శామ్ బ్రానన్ అనే వ్యాపారి లెక్క వేరు. ఓడల నుంచి సరుకు దిగేది సరిగ్గా రెండు నదులు కలిసే రేవులో. గనుల దారి మొదలయ్యేది అక్కడే. కొట్లు కూడా అక్కడే ఉండాలన్నాడు. కుర్రాణ్ని ఒప్పించి, 1848 డిసెంబరులో సర్వే చేయించి, రేవు దగ్గరే వెంచర్ వేయించాడు. ఒక దిక్కు వీధులకు అంకెలు, ఇంకో దిక్కు వీధులకు అక్షరాలు. ఇప్పుడు మీరు జీపీఎస్‌లో చూసే కె స్ట్రీట్, టెన్త్ స్ట్రీట్ అన్నీ ఆ లేఅవుట్‌లోవే. సట్టర్‌విల్ వైపు పోతామని బెదిరించి బ్రానన్, ఇంకొందరు వ్యాపారులు వందల ప్లాట్లు ఊరికే రాయించుకున్నారు. పెద్దాయన తిరిగొచ్చి తిట్టుకున్నాడు గానీ అప్పటికే అమ్మకాలు జోరుగా సాగుతున్నాయి.

కాబట్టి ఆ పల్లాన్ని ఎంచుకుంది ప్రభుత్వం కాదండీ, ప్లాట్ల వ్యాపారులు. నా ఉద్దేశంలో ఈ నగరం 175 ఏళ్లుగా చేస్తున్న పనంతా ఆ ఒక్క లేఅవుట్‌ను కాపాడుకోవడమే.

మొదటి శిస్తు త్వరగానే పడింది. 1850 జనవరిలో వరదొచ్చి ఊరంతా మునిగింది. గట్టు కట్టాలని అందరికంటే ముందు గొంతెత్తిన హార్డిన్ బిగెలోను ఆ వసంతంలో మొదటి మేయరుగా ఎన్నుకున్నారు. ఆయన చేతిమీదే మొదటి గట్టు లేచింది. ఆగస్టులో స్థలాల హక్కుల మీద పట్టాలున్నవాళ్లకూ, ఆక్రమించి గుడిసెలు వేసుకున్నవాళ్లకూ తుపాకుల గొడవైంది, అందులో మేయరుకు తూటాలు తగిలాయి. అక్టోబరులో కలరా. వందలమంది పోయారు, ఊళ్లోవాళ్లు చాలామంది పారిపోయారు. గాయాలతో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న బిగెలో కూడా నవంబరులో కలరాకే పోయాడు. 1852లో అగ్నిప్రమాదం, ఊళ్లో చాలా భాగం బూడిద. ఆ వెంటనే మళ్లీ వరద. ఇన్ని చూశాక ఇంకో చోటయితే జనం మూట సర్దుకునేవారు. ఇక్కడ సర్దుకోలేదు, ఎందుకంటే గనులకు వెళ్లే ప్రతి పార, ప్రతి పిండి బస్తా ఈ రేవు మీదుగానే పోయేది.

అదే డబ్బు రాజధానిని కూడా లాక్కొచ్చింది. కాలిఫోర్నియా 1850 సెప్టెంబరు 9న రాష్ట్రమైంది గానీ రాజధానికి నిలకడ లేదు. మొదట శాన్ హోసే. తర్వాత వయేహో అనే ఊళ్లో జనరల్ వయేహో సొంత డబ్బుతో భవనాలు కట్టిస్తానని మాటిచ్చాడు. 1852లో సభ్యులు వెళ్లి చూస్తే ఏదీ పూర్తి కాలేదు. వారం తిరిగేసరికి స్టీమర్ ఎక్కి శాక్రమెంటో వచ్చి ఆ ఏడాది సభలు ఇక్కడే నడిపారు. మళ్లీ వయేహో, తర్వాత బెనీషియా. 1854 ఫిబ్రవరిలో శాక్రమెంటో తన కోర్టు భవనం ఇస్తానంది, కాపిటల్‌కు, అంటే శాసనసభ భవనానికి, స్థలం ఇస్తానంది. సభ ఇక్కడికి వచ్చేసింది. రాజధాని తరలించడమంటే బల్లలు, కుర్చీలు, దస్తావేజులు స్టీమర్‌లో వేసుకుని పోవడమే అప్పుడు. అంత తేలిగ్గా వచ్చింది అంతే తేలిగ్గా పోవచ్చనే భయం ఈ ఊరిని తర్వాత ఇరవై ఏళ్లు వెంటాడింది.

ఇక అసలు వరద. 1861 డిసెంబరులో మొదలైన వానలు జనవరి దాకా తెరిపి లేకుండా కురిశాయి. డిసెంబరు 9న అమెరికన్ నది వైపు, ఊరికి తూర్పున గట్టు తెగింది. ఇక్కడ జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి, నా వృత్తిలో ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. పడమర నది గట్టు ఉంది. దక్షిణాన ఆర్ స్ట్రీట్ వెంట రైలు కట్ట ఉంది. తూర్పు నుంచి వచ్చిన నీళ్లకు బయటికి దారి లేదు. బయట నదిలో ఉన్నదానికంటే ఊళ్లో నీటిమట్టం పెరగడం మొదలైంది. నీళ్లు రాకుండా కట్టిన గట్టే నీళ్లు పోకుండా ఆపింది. చివరికి సంకెళ్లతో పనిచేసే ఖైదీలను పంపి ఆర్ స్ట్రీట్ కట్టకు చేజేతులా గండి కొట్టించారు. ఆ గండిలోంచి నీళ్లు ఎంత ఊపుగా వెళ్లాయంటే చెక్క ఇళ్లు కొన్ని పునాదుల మీంచి లేచి అందులోంచే కొట్టుకుపోయాయి.

నెల తిరిగేసరికి మళ్లీ మునక. 1862 జనవరి 10న కొత్త గవర్నరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్ ప్రమాణస్వీకారం. వాయిదా వేయలేదు. ఆయన పడవలో వెళ్లి ప్రమాణం చేసి, పడవలోనే ఇంటికొచ్చి, పై అంతస్తు కిటికీలోంచి లోపలికి దిగాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ ఇల్లు ఎన్ స్ట్రీట్‌లో మ్యూజియంగా ఉంది. తర్వాత దాన్ని పైకెత్తి కింద ఇంకో అంతస్తు కట్టుకున్నాడు. ఆ నెలలోనే శాసనసభ సర్దుకుని శాన్ ఫ్రాన్సిస్కో పోయింది. అప్పటికి కాపిటల్ భవనానికి శంకుస్థాపన జరిగి ఏడాది కూడా కాలేదు. సెంట్రల్ వ్యాలీ దాదాపు 300 మైళ్ల పొడవున చెరువైపోయింది.

సభ తిరిగొచ్చేలోపు, తిరిగొచ్చాక పోకుండా, ఏదో ఒకటి చేసి చూపించాలి. చేసిందే మీరు చూసిన ఆ రెండో నేల. నది దగ్గరి వాణిజ్య వీధులను పది అడుగులు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ ఎత్తు లేపాలని తీర్మానించారు. పద్ధతి ఇది: వీధికి రెండు పక్కలా, కాలిబాట అంచున ఇటుక గోడలు లేపుతారు. రెండు గోడల మధ్య మట్టి, కంకర, విరిగిన ఇటుకలు, ఏది దొరికితే అది బళ్ల మీద తెచ్చి పోస్తారు. దాంతో వీధి పైకొస్తుంది. కానీ వీధికీ దుకాణం గోడకూ మధ్య సందు అలాగే గొయ్యిలా మిగిలిపోతుంది. ఆ సందు మీద కాలిబాట వేసుకోవడం, భవనాన్ని ఏం చేసుకోవాలో చూసుకోవడం యజమాని పని. డబ్బున్నవాళ్లు భవనం కింద స్క్రూ జాకీలు పెట్టించి, మనుషులు ఒకేసారి కొద్దికొద్దిగా తిప్పుతుంటే భవనం మొత్తాన్ని పైకి లేపించారు. లేనివాళ్లు కింది అంతస్తును నేలమాళిగగా వదిలేసి, పై అంతస్తు గోడకు గుమ్మం కొట్టి అదే దుకాణం అన్నారు. ఇదంతా దాదాపు పదేళ్లు సాగింది. ఒకడు లేపుకున్నాడు, పక్కవాడు లేపుకోలేదు. జనం ఒకే వీధిలో నాలుగు మెట్లు ఎక్కి, ఆరు మెట్లు దిగి, మళ్లీ ఎక్కుతూ బజారు చేసుకునేవారు.

ఓల్డ్ శాక్రమెంటోలో భవనాల వెనక సందుల్లోకి, పెరళ్లలోకి వెళ్లి చూడండి. ముందు వీధి నుంచి రెండంతస్తులుగా కనిపించే భవనం వెనక నుంచి మూడంతస్తులుంటుంది. ఆ పెరటి నేలే అసలు నేల. హిస్టరీ మ్యూజియం వాళ్లు నడిపే అండర్‌గ్రౌండ్ టూర్‌లో కాలిబాట కింది సందులోకి తీసుకెళ్తారు. అక్కడ ఇటుక గోడను చేత్తో తడిమితే అవతల ఉన్నది వీధిని లేపడానికి పోసిన మట్టి. పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్లకు బాగా నచ్చుతుంది.

అదే దశాబ్దంలో ఇంకో మొండి పని చేశారు: అమెరికన్ నది ఊరి పక్కన తిరిగే వంకను కత్తిరించి, కాలవ తవ్వి, రెండు నదులు కలిసే చోటునే ఉత్తరానికి జరిపారు. కాపిటల్ 1874లో పూర్తయింది. ఇక రాజధానిని కదిలించే మాట పెద్దగా వినపడలేదు.

రైలు సంగతి అందరికీ తెలిసిందే, త్వరగా ముగిస్తాను. కె స్ట్రీట్‌లో ఇనుప సామాను కొట్టు నడిపే హంటింగ్టన్, హాప్కిన్స్, కిరాణా టోకు వ్యాపారి స్టాన్‌ఫర్డ్, బట్టల వ్యాపారి క్రాకర్, నలుగురూ కలిసి సెంట్రల్ పసిఫిక్ పెట్టారు. 1863 జనవరి 8న నది ఒడ్డున బురదలో గడ్డి పరిచి భూమిపూజ లాంటిది చేశారు, 1869 మే 10న యూటాలో పట్టాలు కలిశాయి. కొండలు తొలిచి ఆ పట్టాలు వేసింది ఎక్కువగా చైనా కూలీలు. రైలు పని అయ్యాక వాళ్లలో చాలామంది డెల్టా లంకల చుట్టూ గట్లు కట్టే పనికి దిగారు. తట్టా, పారా, ఒంటిచక్రపు తోపుడుబండీ, అంతే. నేను తర్వాత పనిచేసిన గట్లలో కొన్నిటి పునాది వాళ్లు వేసిందే.

చరిత్ర పుస్తకాలు ఇక్కడ ఆపేసి, "నగరం వరదను జయించింది" అంటాయి. నాకు ఆ మాట ఒప్పదు. వీధులు లేపింది నది దగ్గరి కొన్ని బ్లాకుల మేరే. నది మాత్రం ఆ తర్వాతే ఇంకా ప్రమాదకరమైంది. కారణం మళ్లీ బంగారమే. 1853 నుంచి కొండల్లో గొట్టాలతో నీళ్లు కొట్టి కొండలకు కొండలనే కరిగించి బంగారం తీయడం మొదలైంది. ఆ మట్టి, ఇసుక, రాళ్లు యూబా, ఫెదర్, అమెరికన్ నదుల్లోంచి కిందికి వచ్చి అడుగున పేరుకున్నాయి. మేరీస్‌విల్ ఊళ్లో వీధుల కంటే నది అడుగే ఎత్తైంది. గట్టు ఎంత లేపితే నది అంత లేస్తోంది. రైతులు కోర్టుకెక్కారు. 1884 జనవరిలో జడ్జి లొరెంజో సాయర్ ఆ మట్టిని నదుల్లోకి వదలడానికి వీల్లేదని తీర్పిచ్చాడు. అమెరికాలో పర్యావరణం మీద వచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో ఒకటిగా దాన్ని చెప్తారు. తీర్పుతో గనులు మూతపడ్డాయి గానీ దిగిన మట్టి దిగినట్టే ఉంది, కిందికి జారడానికి దశాబ్దాలు పట్టింది.

కొలూసా ఊళ్లో విల్ గ్రీన్ అని ఒక పత్రికా సంపాదకుడు, సర్వేయరు, 1860ల నుంచే ఒకటే మాట పట్టుకున్నాడు: ఈ నది తన కాలవలో పట్టదు, పక్కనున్న పల్లాల్లోకి వదలండి అని. ఎవరూ వినలేదు. గట్లు దగ్గరగా కడితే నీళ్లు ఊపుగా పోయి మట్టిని కోసుకుపోతాయని ఇంజనీర్ల వాదన. 1900ల మొదట్లో ఒక కమిషన్ రెండున్నర లక్షల క్యూసెక్కుల వరదకు ప్లాను గీసింది. 1907లో వచ్చిన వరద దాదాపు ఆరు లక్షలు. ఆ దెబ్బతో 1910లో సైన్యపు ఇంజనీరు థామస్ జాక్సన్ కొత్త ప్లాను రాశాడు, 1917లో కేంద్రం ఒప్పుకుంది. గ్రీన్ చెప్పినట్టే, నదిలో పట్టని వరదను పక్క పల్లంలోకి వదిలే దారి అది. అదే యోలో బైపాస్.

మీరు శాన్ ఫ్రాన్సిస్కో వైపు ఐ-80 మీద వెళ్తే, ఊరు దాటగానే మూడు మైళ్ల పొడవున వంతెన వస్తుంది. వేసవిలో కింద చూస్తే వరి చేలు, ఇంత పొడి నేల మీద ఇంత పెద్ద వంతెన ఎందుకా అనిపిస్తుంది. ఫిబ్రవరిలో మంచి వరదప్పుడు చూడండి, రెండు పక్కలా కనుచూపుమేర నీళ్లే. ఊరి పక్కనుంచి పోయే అసలు నది మోసేది 1,10,000 క్యూసెక్కులు. బైపాస్ దాదాపు 5 లక్షలు. అంటే పెద్ద వరదలో నది అసలు దారి అదే, ఊళ్లో కనిపించేది పిల్ల కాలవ. అక్కడ వ్యవసాయం చేసుకోవచ్చు, కానీ వరద వదిలే హక్కు ప్రభుత్వానిది, ఇళ్లు కట్టడానికి వీల్లేదు.

బైపాస్‌లోకి నీళ్లు వదిలే అలుగులు ప్రధానంగా రెండు. ఎగువన 1924లో పూర్తయిన ఫ్రీమాంట్ అలుగు దానంతటదే పొర్లుతుంది. ఊరి ఎదురుగా 1916లో కట్టిన శాక్రమెంటో అలుగు మాత్రం మనుషులు తెరవాలి. 48 గేట్లు, గేటుకు 38 నిలువు చెక్కపలకలు. ఐ స్ట్రీట్ వంతెన దగ్గర మట్టం 27.5 అడుగులకు వచ్చాక పనివాళ్లు పైన నిలబడి చేత్తో కొక్కెం పట్టుకుని ఒక్కో గేటు వదులుతారు. పలకలు ఎగిరిపడతాయి, కాళ్ల కింద నీళ్లు గర్జిస్తూ పోతాయి. నూరేళ్ల నాటి పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తోంది. ఇంకో వింత చెప్తాను. ఈ అలుగు రెండు నదుల సంగమానికి ఎగువన ఉంది. పెద్ద వరదలో దీన్ని తెరిస్తే, అమెరికన్ నది నీళ్లు సంగమం దగ్గర ఎడమకు తిరగాల్సింది పోయి కుడికి తిరిగి, శాక్రమెంటో నదిలో ఎదురు పారి అలుగులోకి వెళ్తాయి. ఒడ్డున నిలబడి చూస్తే చెట్ల దుంగలు ఎగువకు కొట్టుకుపోతుంటాయి.

1986 ఫిబ్రవరిలో ఇదంతా కలిపినా అంచుకొచ్చింది. అమెరికన్ నది మీద 1956లో పూర్తయిన ఫోల్సమ్ డ్యామ్ నిండిపోయి, దిగువ గట్లు తట్టుకోగల 1,15,000 క్యూసెక్కులు దాటి 1,30,000కు పైగా వదిలారు. గట్లు నిలిచాయి, కానీ చాలా చోట్ల అడుగునుంచి ఊట వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మా గోదావరికి 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. నీటి పరిమాణంలో పోలికే లేదు, కానీ జబ్బు ఒక్కటే: గట్టు పైనుంచి పొర్లక్కర్లేదు, పాత ఇసుక పొర మీద కూర్చున్న గట్టు కిందినుంచే పోతుంది. గట్టు వెనక నేలలో ఇసుకతో కలిసి నీళ్లు బుడబుడ పొంగుతుంటే, ఆ రాత్రి ఎవరూ నిద్రపోకూడదు. అందుకే తర్వాత గట్ల మధ్యలోంచి లోతుగా కందకం తవ్వి, బెంటొనైట్ మట్టి కలిపిన ముద్ద నింపి ఊటకు అడ్డుగోడలు వేశారు. ఫోల్సమ్‌కు 2017లో కొత్త స్పిల్‌వే వచ్చింది, దాంతో వరద రాకముందే నీళ్లు వదులుకోవచ్చు. శాక్రమెంటో అలుగు పక్కన ఈమధ్య మరో అలుగు పని చేపట్టారు.

ఇప్పుడు నటోమాస్. అది రెండు నదుల మధ్య చుట్టూ గట్లున్న పళ్లెం. ఆర్ స్ట్రీట్ కట్ట కథ మళ్లీ చదువుకుంటే ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది. న్యూ ఆర్లీన్స్ మునిగాక లెక్కలు తిరగేసి, 2008 చివర్లో అక్కడ కొత్త ఇళ్లు ఆపేశారు, 2015 దాకా ఆగాయి. తర్వాత గట్లకు గట్టి పనే జరిగింది. కొనొద్దని నేను అనను, మన తెలుగువాళ్లు చాలామంది హాయిగా ఉంటున్నారు. మీ ఉద్యోగం ఫోల్సమ్ వైపయితే, బడ్జెట్ కుదిరితే, అటు మెరకలో చూసుకోమనే నా సలహా. నటోమాస్‌లోనే తీసుకుంటే ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ) ఫ్లడ్ మ్యాప్‌లో మీ వీధి ఏ జోన్‌లో ఉందో చూడండి, మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు కాబట్టి ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోండి. లోన్‌తో పాటు తీసుకోకపోతే ఆ పాలసీ అమల్లోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది. డిసెంబరులో వాన మొదలయ్యాక చూద్దాంలే అనుకోకుండా అక్టోబరు లోపే ఆ పని కానివ్వండి.